షార్ట్‌వేవ్ రేడియో కొంటున్నారా? ముందు స్పెక్ షీట్ పక్కన పెట్టండి

ఫోన్ రివ్యూలు చదివీ చదివీ మనకో అలవాటు పట్టుకుంది. ఏ గ్యాడ్జెట్ కనబడినా చిప్ ఏది, బ్యాటరీ ఎంత, స్కోర్ ఎంత అనే ముందు చూస్తాం. షార్ట్‌వేవ్ రేడియో దగ్గర ఈ అలవాటు పనికిరాదు. పనికిరాకపోతే పోయింది, జేబుకి చిల్లు కూడా పెడుతుంది. కాబట్టి నా అభిప్రాయం మొదట్లోనే సూటిగా చెప్పేస్తా: మొదటి రేడియోకి పది వేలు దాటి ఖర్చు పెట్టొద్దు. మిగిలిన డబ్బులో రెండు మూడొందలు పెట్టి మామూలు ఎలక్ట్రికల్ వైరు కొనుక్కోండి. అపార్ట్‌మెంట్ హాల్లో టీవీ పక్కన పెట్టిన ముప్పై వేల రేడియో కన్నా, డాబా మీద వైరు తగిలించిన ఎనిమిది వేల రేడియో ఎక్కువ స్టేషన్లు పట్టిస్తుంది.

ఈ మాట చాలామందికి నచ్చదు. ముఖ్యంగా ఖరీదైన సెట్ ఆర్డర్ పెట్టేసి పార్శిల్ కోసం ఎదురుచూస్తున్నవాళ్లకి అసలు నచ్చదు. ఎందుకిలా అంటున్నానో వరసగా చెబుతాను.

అసలు వినడానికి ఇంకా ఏముంది?

ఇది న్యాయమైన ప్రశ్న. సమాధానం కూడా నిజాయితీగా చెప్పుకోవాలి. మన తాతల కాలంలో ఉన్న షార్ట్‌వేవ్ ఇప్పుడు లేదు. 1952లో బి.వి. కేస్కర్ సమాచార శాఖ మంత్రిగా ఉన్నప్పుడు ఆకాశవాణిలో సినిమా పాటలు ఆపేస్తే, జనం రేడియో ముల్లుని సిలోన్ వైపు తిప్పేశారు. అమీన్ సయానీ బినాకా గీత్‌మాలా అలా పుట్టిందే. తెలుగు పాటల కోసం మనవాళ్లూ సిలోన్ పట్టుకునేవాళ్లు. ఆ దెబ్బకే 1957 అక్టోబర్ 3న వివిధభారతి మొదలుపెట్టాల్సి వచ్చింది. మన ఆకాశవాణి హైదరాబాద్ కూడా ఒకప్పుడు 4800 కిలోహెర్ట్జ్ మీద షార్ట్‌వేవ్‌లో వచ్చేది.

ఆ తర్వాత ఒక్కొక్కరూ దుకాణం కట్టేస్తూ వచ్చారు. రేడియో నెదర్లాండ్స్ 2012లో ఆగిపోయింది. రేడియో ఆస్ట్రేలియా షార్ట్‌వేవ్ 2017 జనవరి 31తో ఆగింది. బీబీసీ హిందీ రేడియో దాదాపు ఎనభై ఏళ్లు నడిచి 2020 జనవరి 31న సెలవు తీసుకుంది. 2025 మార్చిలో వాయిస్ ఆఫ్ అమెరికా ప్రసారాలు చాలావరకు ఒక్కసారిగా మూగబోయాయి.

అంతా అయిపోయిందా అంటే, లేదు. చైనా రేడియో ఇంటర్నేషనల్ రోజంతా ఏదో ఒక ఫ్రీక్వెన్సీలో దొరుకుతుంది. బీబీసీ వరల్డ్ సర్వీస్ ఇంగ్లిష్, జపాన్ ఎన్‌హెచ్‌కే, కొరియా కేబీఎస్, రేడియో రొమేనియా, వాయిస్ ఆఫ్ టర్కీ ఇంకా ఉన్నాయి. రేడియో న్యూజిలాండ్ పసిఫిక్ అయితే 2024లో కొత్త ట్రాన్స్‌మిటర్ కూడా పెట్టుకుంది. ఇవి కాక హామ్ రేడియోవాళ్ల సంభాషణలు, విమానాలకిచ్చే వాతావరణ సమాచారం, టైమ్ సిగ్నల్స్ ఉన్నాయి.

ఇంకో విషయం. సూర్యుడి మీద మచ్చల సంఖ్య సుమారు పదకొండేళ్లకోసారి పెరిగి తగ్గుతుంటుంది. మచ్చలు ఎక్కువున్నప్పుడు అయనోస్ఫియర్ హుషారుగా ఉండి, పై ఫ్రీక్వెన్సీలు కూడా చాలా దూరం పోతాయి. ఇప్పుడు నడుస్తున్న 25వ చక్రం 2024లో గరిష్ఠ దశకు చేరింది. అంటే ఇక్కడి నుంచి మెల్లగా దిగుడే. ఒకపక్క స్టేషన్లు తగ్గుతున్నాయి, ఇంకోపక్క ఆకాశం చల్లబడుతుంది. "రెండేళ్లు డబ్బు దాచి మంచి సెట్ కొంటా" అనుకునేవాళ్లకి నేను చెప్పేది ఇదే: ఆ రెండేళ్లు చాలా విలువైనవి. ఉన్న డబ్బుతో ఇప్పుడే చిన్నది కొని వినండి.

పది బ్యాండ్లు, పన్నెండు బ్యాండ్లు అనే లెక్క వదిలేయండి

ఆన్‌లైన్‌లో వెతికితే వెయ్యి, పదిహేను వందలకి "వరల్డ్ రిసీవర్, 10 బ్యాండ్" అని బోలెడు సెట్లు కనబడతాయి. కోఠి గుజరాతీ గల్లీలోనూ దొరుకుతాయి. బ్లూటూత్ ఉంటుంది, పెన్‌డ్రైవ్ పెట్టుకోవచ్చు, టార్చ్‌లైట్ కూడా ఉంటుంది. ఎస్‌డబ్ల్యూ1 నుంచి ఎస్‌డబ్ల్యూ8 దాకా రాసి ఉంటుంది. నిజానికి ఆ ఎనిమిదీ ఒకే షార్ట్‌వేవ్‌కి చేసిన ముక్కలు. ఏడు ముక్కలు చేసినా పది ముక్కలు చేసినా పులిహోర అదే కదా.

ఇలాంటి చవక సెట్లలో అసలు లోపం వేరే ఉంది. దాన్ని ఇమేజ్ అంటారు. ఒక్కసారే ఫ్రీక్వెన్సీ మార్చే మామూలు సర్క్యూట్‌లో మధ్య ఫ్రీక్వెన్సీ 455 కిలోహెర్ట్జ్ ఉంటుంది. దానికి రెట్టింపు, అంటే 910 కిలోహెర్ట్జ్ దూరంలో ప్రతి గట్టి స్టేషన్‌కీ ఒక దొంగ ప్రతి తయారవుతుంది. 11,900 కిలోహెర్ట్జ్‌లో ఉన్న స్టేషన్ 10,990 దగ్గర కూడా వినిపిస్తుంది. రాత్రిపూట డయల్ తిప్పితే "అబ్బో, ఎన్ని స్టేషన్లో!" అనిపిస్తుంది గానీ, అందులో సగం ఒకే స్టేషన్ నీడలు. షాపులో టెస్ట్ చేయాలంటే ఇదే పద్ధతి: గట్టిగా వచ్చే స్టేషన్ ఒకటి పట్టుకుని, 910 కిందికి పోయి చూడండి. అక్కడా అదే గొంతు వినబడితే సెట్ తిరిగి ఇచ్చేయండి.

మంచి పోర్టబుల్స్‌లో రెండుసార్లు ఫ్రీక్వెన్సీ మారుస్తారు, లేదా డీఎస్‌పీ చిప్‌తో లెక్కగట్టి ఈ నీడల్ని తీసేస్తారు. మనం డబ్బు పెట్టాల్సింది దీనికి, టార్చ్‌లైట్‌కి కాదు.

పోల్చాల్సినవి నాలుగే

రివ్యూల్లో అందరూ సెన్సిటివిటీ గురించి మాట్లాడతారు, అంటే ఎంత సన్నటి సిగ్నల్ పట్టగలదు అని. నా దృష్టిలో అది ఆఖరి విషయం. షార్ట్‌వేవ్ ఫ్రీక్వెన్సీల్లో బయటి నుంచి వచ్చే గోల, రేడియో లోపల పుట్టే గోల కన్నా చాలా ఎక్కువ. కాస్త మంచి రేడియో ఏదైనా ఆ బయటి గోల దాకా వినగలదు. అంతకుమించి సెన్సిటివిటీ ఉన్నా అది గోలనే ఇంకా గట్టిగా వినిపిస్తుంది. సంతలో నిలబడి చెవికి మిషన్ పెట్టుకున్నట్టు.

కాబట్టి నేను చూసేవి ఇవి.

మొదటిది, ఫిల్టర్లు. షార్ట్‌వేవ్‌లో స్టేషన్లు 5 కిలోహెర్ట్జ్ దూరంలో పక్కపక్కనే కూర్చుంటాయి. 9,600లో ఒకరు గుసగుసలాడుతుంటే 9,605లో ఇంకొకరు మైకు పెట్టి అరుస్తుంటారు. ఫిల్టర్ వెడల్పు తగ్గించుకునే వీలుంటేనే ఆ గుసగుస వినబడుతుంది. వెడల్పు మరీ తగ్గిస్తే గొంతు దుప్పట్లోంచి వచ్చినట్టుంటుంది. అందుకే ఒకటి రెండు కాకుండా నాలుగైదు మెట్లు ఉన్న రేడియో మేలు.

రెండోది, ఎస్‌ఎస్‌బీ. ఇది లేకపోతే షార్ట్‌వేవ్‌లో సగం లోకానికి తలుపు వేసేసినట్టే. హామ్‌లు మాట్లాడేది ఇందులోనే. 7000 నుంచి 7200 కిలోహెర్ట్జ్ వరకు ఎల్‌ఎస్‌బీలో, 14,000 నుంచి 14,350 వరకు యూఎస్‌బీలో వెతకండి. ఇక్కడ యూఎస్‌బీ అంటే ఛార్జింగ్ పోర్టు కాదండోయ్, అప్పర్ సైడ్ బ్యాండ్. మన దేశపు హామ్‌ల కాల్‌సైన్‌లు వీయూ అనే అక్షరాలతో మొదలవుతాయి. ఉదయం పూట "విక్టర్ యూనిఫాం" అని వినబడితే మనవాళ్లే. 6676, 11,387 కిలోహెర్ట్జ్‌లలో ఆగ్నేయాసియా వైపు విమానాలకి వాతావరణం చదువుతారు, అది కూడా ఎస్‌ఎస్‌బీలోనే.

మూడోది, ట్యూనింగ్. ఎస్‌ఎస్‌బీ ఉంటే చాలదు, పది హెర్ట్జ్ చొప్పున జరిపే వీలుండాలి. లేకపోతే మనిషి గొంతు బాతు గొంతులా మారుతుంది. నాబ్ తిప్పుతున్నప్పుడు ప్రతి మెట్టుకీ ధ్వని ఆగి ఆగి వచ్చే రేడియోలున్నాయి. స్పెక్ షీట్‌లో ఇది ఎక్కడా రాయరు. రెండు గంటలు కూర్చుని డయల్ తిప్పేవాడికి మాత్రం అదే పెద్ద చిరాకు. ఫ్రీక్వెన్సీని నేరుగా నొక్కే నంబర్ బటన్లు కూడా ఉండాలి. లేనిదాన్ని నేను కొనను.

నాలుగోది, సింక్రనస్ డిటెక్షన్. సిగ్నల్ ఆకాశంలో రెండు మూడు దారుల్లో తిరిగొచ్చేసరికి అప్పుడప్పుడూ దాని క్యారియర్ బలహీనపడుతుంది, గొంతు చితికిపోయినట్టు వినిపిస్తుంది. అప్పుడు రేడియో తనే ఒక క్యారియర్ తయారుచేసి అతుకు వేస్తుంది. బాగా చేసిన సింక్ అద్భుతంగా ఉంటుంది. సరిగా చేయని సింక్ స్టేషన్‌ని పట్టుకోలేక కీచుమంటుంది. బాక్సు మీద "సింక్ ఉంది" అని రాసినంత మాత్రాన నమ్మొద్దు.

ఎయిర్ బ్యాండ్ గురించి ఒక్క ముక్క. అది 118 నుంచి 137 మెగాహెర్ట్జ్ దాకా ఉండే వేరే బ్యాండ్, షార్ట్‌వేవ్‌కి సంబంధం లేదు. దానికోసం అదనంగా ఒక్క రూపాయి కూడా పెట్టనక్కర్లేదు.

మోడళ్ల మీద నా మాట

టెక్సన్ పీఎల్-330: నేను ముందుగా చెప్పే పేరు ఇదే. అరచేతిలో పట్టేస్తుంది. ఎస్‌ఎస్‌బీ ఉంది, పది హెర్ట్జ్ ట్యూనింగ్ ఉంది, ఫిల్టర్లు మార్చుకోవచ్చు. మనవాళ్లకి బాగా కలిసొచ్చేది బ్యాటరీ. బీఎల్-5సీ పడుతుంది. అవును, నోకియా 1100లో ఉండేదే! ఏ ఊరి మొబైల్ షాపులోనైనా దొరుకుతుంది. సింక్ ఉందంటారు గానీ, లేదనుకుని కొనండి. చిన్న స్పీకరు కాబట్టి ఇయర్‌ఫోన్స్ పెట్టుకుంటేనే దాని సత్తా తెలుస్తుంది. ఛార్జింగ్‌కి ఇంకా పాత మైక్రో యూఎస్‌బీ ఇచ్చారు, అది మాత్రం నాకు నచ్చలేదు.

ఎక్స్‌హెచ్‌డేటా డీ-808: పీఎల్-330కి నేరుగా పోటీ. ఫిల్టర్ మెట్లు ఇందులోనే ఎక్కువ. ఎఫ్‌ఎం స్టేషన్ పేరు చూపించే ఆర్‌డీఎస్ ఉంది. పవర్‌బ్యాంకుల్లో ఉండే 18650 సెల్ పడుతుంది, కాబట్టి ఎక్కువసేపు నడుస్తుంది. స్పీకర్ కూడా పెద్దది. సింక్ లేదు. కానీ ఎస్‌ఎస్‌బీలో పెట్టి, స్టేషన్ క్యారియర్ మీద సరిగ్గా కీచు ఆగిపోయేదాకా జరిపితే దాదాపు అదే పని అవుతుంది. ఇంట్లో టేబుల్ మీద పెట్టుకునేవాళ్లకి ఇది, బ్యాగులో వేసుకుని తిరిగేవాళ్లకి పీఎల్-330.

టెక్సన్ పీఎల్-660, పీఎల్-680: ఇవి కాస్త పాత పద్ధతి సెట్లు. నాలుగు పెన్సిల్ సెల్స్ పడతాయి. పీఎల్-660లో ఫిల్టర్లు రెండే, ఒకటి వెడల్పు, ఒకటి సన్నం. కానీ సింక్ నిజంగా పనిచేస్తుంది. దూరపు స్టేషన్‌లో సంగీతం, వార్తలు ఓపిగ్గా వినేవాళ్లకి ఇవే సరిగ్గా సరిపోతాయి. కొత్త డీఎస్‌పీ సెట్ల హడావిడిలో వీటిని తక్కువ అంచనా వేస్తున్నారనేది నా బాధ.

టెక్సన్ పీఎల్-880, పీఎల్-990: వీటి ధ్వని బాగుంటుంది, చేతిలో పట్టుకుంటే దర్జాగా ఉంటాయి. పీఎల్-990లో బ్లూటూత్, మెమరీ కార్డు పాటలు కూడా ఉన్నాయి. ఇవి చెడ్డ రేడియోలని నేను అనడం లేదు. అపార్ట్‌మెంట్‌లో మొదటిసారి షార్ట్‌వేవ్ వినబోయే కుర్రాడికి ఇవి అనవసరం అంటున్నాను. గోలలో మునిగిపోయిన సిగ్నల్‌ని ఎంత ఖరీదైన రేడియో కూడా పైకి లాగలేదు. ఏడాది విన్నాక, మీ ఇంట్లో ఎక్కడ పెడితే బాగా వస్తుందో తెలిశాక, అప్పుడు కొనుక్కోండి. అప్పుడు ప్రతి రూపాయికీ న్యాయం జరుగుతుంది.

సోనీ ఐసీఎఫ్-ఎస్‌డబ్ల్యూ7600జీఆర్: పాత సెట్ల మార్కెట్‌లో దేవుడి విగ్రహంలా చూస్తారు. రేడియో మంచిదే, సింక్ బాగుంటుంది. కానీ తయారీ ఆగిపోయింది. పాత సెట్లలో కెపాసిటర్లు పాడవడం, బటన్లు పట్టేయడం మామూలే. రిపేరు చేసేవాడు చేతిలో ఉంటే తప్ప దీని వెంట పడకండి.

ఏటీఎస్-20 లాంటి చిన్న బాక్సులు, మలాఖిట్ పేరుతో వచ్చే టచ్‌స్క్రీన్ సెట్లు: చూడగానే మన గ్యాడ్జెట్ మనసుకి నచ్చేస్తాయి. తెర మీద సిగ్నల్స్ కొండల్లా కదులుతుంటే ముచ్చటగానే ఉంటుంది. సమస్యేంటంటే వీటికి నకళ్లు, నకళ్లకి నకళ్లు ఉన్నాయి. బయట చూడ్డానికి అన్నీ ఒకటే, లోపల బోర్డు ఏమొస్తుందో అదృష్టం. ఫర్మ్‌వేర్ మార్చుకోవడం, సోల్డరింగ్ సరదాగా ఉండేవాళ్లకి బొమ్మలుగా బాగుంటాయి. మొదటి రేడియోగా మాత్రం వద్దు.

ధరలు అమ్మేవాణ్ని బట్టి, డాలర్‌ని బట్టి మారుతుంటాయి. బయటి దేశం నుంచి తెప్పిస్తే కస్టమ్స్ డ్యూటీ కలిపి లెక్కేసుకోండి. వెబ్‌సైట్‌లో కనబడే ధర చూసి మురిసిపోయి, తర్వాత కొరియర్‌వాడు చెప్పే లెక్కకి గుండె పట్టుకోవద్దు.

అసలు శత్రువు మీ ఇంట్లోనే ఉంది

ఎల్‌ఈడీ బల్బు, ఫోన్ ఛార్జర్, ల్యాప్‌టాప్ అడాప్టర్, వైఫై రౌటర్‌కి పెట్టిన చవక అడాప్టర్, ఇన్వర్టర్, ఫ్యాన్ రెగ్యులేటర్, ఇప్పుడు కొత్తగా డాబాల మీద సోలార్. ఇవన్నీ కరెంటుని వేగంగా కోసి కోసి మార్చే సర్క్యూట్లతో పనిచేస్తాయి. ఫిల్టర్లు సరిగా పెట్టని చోట ప్రతి కోతా షార్ట్‌వేవ్‌లో ఒక బర్రుమనే శబ్దమే. మన గ్యాడ్జెట్ ఇళ్లలో షార్ట్‌వేవ్ ఊపిరాడక చస్తోందంటే దానికి స్టేషన్లు మూతపడటం ఒక్కటే కారణం కాదు, మనం కొంటున్న ఛార్జర్లు కూడా. ఛార్జర్ రివ్యూల్లో వాట్స్ గురించి పేజీలు రాస్తాం. అది చుట్టుపక్కల ఎంత గోల చిమ్ముతుందో ఎవరూ రాయరు. మన రివ్యూయర్లు ఒక పది రూపాయల పని చేయొచ్చు: పక్కన చిన్న ఏఎం రేడియో పెట్టి ఛార్జర్ ఆన్ చేసి చూడటం. అలా చేసినట్టు నేను ఇంతవరకు చదవలేదు.

మీరు కొత్త రేడియో తెచ్చుకున్న రోజు ఈ పరీక్ష చేయండి. రేడియోని బ్యాటరీ మీద పెట్టి, 9,400 నుంచి 9,900 కిలోహెర్ట్జ్ మధ్య ఖాళీగా ఉన్న చోట ట్యూన్ చేయండి. గోల ఎంతుందో చెవికి గుర్తు పెట్టుకోండి. ఇంట్లోవాళ్లకి చెప్పి ఒక్క నిమిషం మెయిన్ ఎంసీబీ ఆఫ్ చేయండి. గోల ఒక్కసారిగా పడిపోతే దొంగ ఇంట్లోనే ఉన్నాడు. ఒక్కో గది ఆన్ చేస్తూ పట్టుకోండి. మా ఇంట్లో అయితే ఎక్కువ గోల చేసింది బాత్రూంలో గీజరో, హాల్లో టీవీనో కాదు, పూజగదిలో పెట్టిన చిన్న ఎల్‌ఈడీ దీపాల దండ. అది తీసేశాక 31 మీటర్ల బ్యాండ్‌లో రొమేనియా తేటగా వచ్చింది. మా అమ్మతో కుదిరిన ఒప్పందం ఏమిటంటే, సాయంత్రం దీపం పెట్టే వేళ దండ వెలుగుతుంది, తొమ్మిది తర్వాత రేడియోది.

ఆఫ్ చేసినా గోల తగ్గకపోతే అది పక్కింటిదో వీధిదో. అప్పుడు చేయాల్సింది రేడియో మార్చడం కాదు, యాంటెన్నాని గోడలకి దూరంగా జరపడం. ఆరు నుంచి ఎనిమిది మీటర్ల మామూలు ఇన్సులేటెడ్ వైరు తీసుకోండి. బాల్కనీ నుంచి బయటికో, డాబా మీద పిట్టగోడ నుంచి వాటర్ ట్యాంకు దాకానో కట్టండి. కరెంటు తీగలకి మాత్రం దరిదాపుల్లో వద్దు. రెండో కొస క్రొకడైల్ క్లిప్‌తో రేడియో యాంటెన్నాకి తగిలించండి, లేదా 3.5 మిల్లీమీటర్ల జాక్‌కి కలపండి. ఇరవై ముప్పై మీటర్లు కట్టేస్తే ఇంకా బాగొస్తుంది కదా అనుకోవద్దు. చిన్న పోర్టబుల్స్ ఆ సిగ్నల్ తట్టుకోలేక స్టేషన్లన్నీ కలగాపులగం చేసేస్తాయి. ఉరుములు మెరుపులు మొదలైతే వైరు వెంటనే తీసేయాలి, దీనికి మినహాయింపు లేదు.

డాబా ఎక్కనివ్వని అపార్ట్‌మెంట్లు, హాస్టళ్లలో ఉండేవాళ్లకి ఎంఎల్‌ఏ-30 లాంటి చిన్న యాక్టివ్ లూప్ యాంటెన్నా ఒక దారి. దాన్ని తిప్పుతూ గోల వచ్చే దిక్కుని కొంతవరకు తప్పించొచ్చు. పెద్ద రేడియోకి పోసే డబ్బులో కొంత దీనికి పెట్టడం తెలివైన పని.

మరి డాంగిల్ కొంటే పోలా?

మన పాఠకుల్లో సగం మంది ఇదే అడుగుతారని తెలుసు. ఆర్‌టీఎల్-ఎస్‌డీఆర్ లాంటి డాంగిల్ ల్యాప్‌టాప్‌కి గుచ్చితే బ్యాండ్ మొత్తం తెర మీద కనబడుతుంది. ఏ స్టేషన్ ఎక్కడుందో కంటితో చూసి నొక్కడమే. నేర్చుకోవడానికి దీన్ని మించింది లేదు, ఒప్పుకుంటాను. కానీ ఆ డాంగిల్ పక్కన గోల చిమ్మే ల్యాప్‌టాప్, దాని అడాప్టర్ ఉంటాయి. పైగా మళ్లీ తెర ముందే కూర్చున్నట్టు. రోజంతా తెర చూసిన కళ్లకి రాత్రి తొమ్మిదికి దీపం ఆర్పేసి చెవితో వెతికే సుఖం అందులో రాదు. అది నా రుచి, మీది వేరే కావచ్చు.

డబ్బు పెట్టేముందు ఉచితంగా రుచి చూడాలంటే ఇంకో దారుంది. నెదర్లాండ్స్‌లో ట్వెంటే యూనివర్సిటీవాళ్లు తమ షార్ట్‌వేవ్ రిసీవర్‌ని బ్రౌజర్‌లో అందరికీ తెరిచి పెట్టారు. ఒక వారం దాంట్లో తిరిగి చూడండి. ఆసక్తి నిలబడితే రేడియో కొనండి. నిలబడకపోతే ఎనిమిది వేలు మిగిలాయి.

యాప్ ఉంది కదా అనేవాళ్లకి

ప్రపంచంలో ఏ రేడియోనైనా ఫోన్ యాప్‌లో స్టీరియో క్వాలిటీతో వినొచ్చు. నిజమే. క్వాలిటీ కోసం అయితే షార్ట్‌వేవ్ జోలికి రావద్దనే నేనూ చెబుతాను. తేడా ఎక్కడుందంటే, షార్ట్‌వేవ్‌లో స్టేషన్‌కీ మీకూ మధ్య ఎవరూ లేరు. సర్వర్ లేదు, టవర్ లేదు, డేటా ప్యాక్ లేదు, లాగిన్ లేదు. మీరేం వింటున్నారో లెక్కగట్టేవాడూ లేడు. 2022 మార్చిలో ఉక్రెయిన్ మీద యుద్ధం మొదలయ్యాక బీబీసీ 15,735, 5875 కిలోహెర్ట్జ్‌లలో రోజుకి నాలుగు గంటలు షార్ట్‌వేవ్ ప్రసారాలు మొదలుపెట్టింది. వెబ్‌సైట్లని ఆపగలరు, టవర్లని కూల్చగలరు, ఆకాశం నుంచి తిరిగొచ్చే తరంగాన్ని ఆపడం అంత తేలిక కాదు.

మనకి దగ్గరి ఉదాహరణ కూడా ఉంది. హైదరాబాద్‌లోని నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ అమెచ్యూర్ రేడియో తరఫున భారతీ ప్రసాద్ బృందం 2004 డిసెంబర్‌లో అండమాన్‌లో హామ్ రేడియో కార్యక్రమం నడుపుతోంది. 26న సునామీ వచ్చింది. సరదాగా ప్రపంచంతో మాట్లాడటానికి తీసుకెళ్లిన ఆ సెట్లే దీవుల నుంచి బయటికి కబురు చేర్చే దారి అయ్యాయి. 2014 అక్టోబర్‌లో హుద్‌హుద్ వచ్చినప్పుడు విశాఖలో ఫోన్లు ఎలా మూగబోయాయో అక్కడివాళ్లని అడగండి.

అయితే ఇందులో అతి చేయను. మన పోర్టబుల్‌తో వినడమే గానీ మాట్లాడలేం. అది ఎవరి ప్రాణాలూ కాపాడే యంత్రం కాదు. కరెంటు, నెట్ రెండూ పోయిన రాత్రి బయట ఏం జరుగుతోందో తెలియడం అనే చిన్న ధైర్యం మాత్రం ఇస్తుంది. ఫోన్లలో ఎఫ్‌ఎం తీసేయొద్దని 2023 ఏప్రిల్‌లో కేంద్ర ఐటీ శాఖ కంపెనీలకి సలహా ఇవ్వాల్సి వచ్చిందంటే, ఆ ధైర్యం విలువ ప్రభుత్వానికీ తెలుసనే కదా.

ఇంతకీ ఎవరు ఏది కొనాలి?

విద్యార్థి, హాస్టల్, బ్యాగులో పెట్టుకుని తిరగాలి: పీఎల్-330.

ఇంట్లో టేబుల్, పెద్ద స్పీకర్, ఎక్కువ ఫిల్టర్లు: డీ-808.

ఒకే స్టేషన్ గంటల తరబడి ఓపిగ్గా వినే అలవాటు: పీఎల్-660 లేదా పీఎల్-680.

పల్లెలో ఇల్లు, చుట్టూ గోల లేదు, ఏడాదిగా వింటున్నారు: అప్పుడు పీఎల్-880, పీఎల్-990 గురించి ఆలోచించండి. ఖరీదైన రేడియోకి తగిన చోటు అదే. నగరంలో మనం డబ్బుతో కొనలేని నిశ్శబ్దం మీ ఊళ్లో ఉచితంగా ఉంది.

కొన్నాక మొదటి వారం ఇలా చేయండి. పగలు 19, 16 మీటర్ల బ్యాండ్‌లు, చీకటి పడ్డాక 31, 41, 49 మీటర్లు తిరగండి. షెడ్యూళ్లు యూటీసీ సమయంలో ఉంటాయి, మన టైమ్ కోసం ఐదున్నర గంటలు కలుపుకోండి. అవి మార్చి చివరి ఆదివారం, అక్టోబర్ చివరి ఆదివారం మారతాయి, కాబట్టి పాత లిస్టు నమ్ముకోవద్దు. రేడియో ఎంత బాగా పడుతోందో చూడ్డానికి 5000, 10,000, 15,000 కిలోహెర్ట్జ్‌లలో చైనావాళ్ల బీపీఎం టైమ్ సిగ్నల్ టిక్‌టిక్‌లు వెతకండి. ఒక నోట్‌బుక్కులో తేదీ, సమయం, ఫ్రీక్వెన్సీ, ఏం విన్నారో రాసుకోండి. సిగ్నల్, అడ్డంకి, గోల, ప్రసార పరిస్థితి, మొత్తం మీద ఎలా ఉంది అనే ఐదింటికి ఒకటి నుంచి ఐదు దాకా మార్కులు వేస్తే దాన్ని సిన్‌పో రిపోర్టు అంటారు. అది స్టేషన్‌కి పంపితే చాలామంది ఇప్పటికీ క్యూఎస్‌ఎల్ కార్డు పంపిస్తారు. ఎక్కడో దూరదేశపు స్టేషన్ నుంచి మీ పేరు మీద పోస్టులో కార్డు రావడం అనే అనుభవం ఏ నోటిఫికేషన్‌లోనూ లేదు.

ఒకప్పుడు ఒక్కో బ్యాండ్‌లో చోటు దొరక్క స్టేషన్లు ఒకదాని మీద ఒకటి పడేవి. ఇప్పుడు ఒక్కొక్కటే దీపం ఆర్పేస్తున్నాయి. ఎవరూ వినడం లేదనే మాటే ఆ మూసివేతలకి చెప్పే కారణాల్లో ఒకటి. మీరు పంపే ఒక్కో రిపోర్టూ ఆ మాటకి సమాధానమే. అందుకే రేడియో ఏది కొన్నారన్నదాని కన్నా, కొన్నాక ఎన్ని రాత్రులు ఆన్ చేశారన్నదే నాకు ముఖ్యం. ముప్పై వేలు పెట్టి బీరువాలో దాచుకున్న సెట్ కన్నా, రోజూ రాత్రి డాబా ఎక్కే పీఎల్-330 వెయ్యి రెట్లు మంచి రేడియో.